తోమి పోగొట్టిన పేరు

ఈ మాట పదేళ్ళకు పైగా నా లోపలే ఉంది. నా భార్యకు సగం తెలుసు. జగిత్యాలలో ఉండే ఒక రిటైర్డ్ సారుకు మిగతా సగం తెలుసు. మొత్తం తెలిసింది నాకొక్కడికే. రెండు వేల ఏళ్ళు మట్టిలో భద్రంగా ఉన్న ఒక పేరును ఒక్క మధ్యాహ్నం పూట నా చేతులతో చెరిపేశాను. ఎవరూ నన్ను అడగలేదు, ఏ కేసూ పెట్టలేదు. అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మాది జగిత్యాల జిల్లా మల్లాపూర్. కోరుట్ల నుంచి ఉత్తరానికి పోతే గోదావరికి ముందు వచ్చే మండలం. పసుపు, మొక్కజొన్న, వరి పండే నేల. పంట ఎంత పండినా ఇంటికొకరు గల్ఫ్‌కు పోక తప్పని ఊళ్ళు మావి. 2006లో నేనూ పోయాను, బహ్రెయిన్‌కు. వీసా కోసం అప్పు తెచ్చి, రెండేళ్ళ కొడుకును, నెలల బిడ్డను వదిలి విమానం ఎక్కాను.

2009లో ఒక శుక్రవారం మనామా బజారులో తిరుగుతుంటే ఒక చిన్న దుకాణంలో గాజుపెట్టె కింద ఆ నాణెం కనిపించింది. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ ముఖం. రెండోవైపు ఒక తోడేలు నిలబడి ఉంది, దాని పొట్ట కింద ఇద్దరు పసిపిల్లలు పాలు తాగుతున్నారు. తోడేలు మెడ వెనక్కి తిప్పి పిల్లలనే చూస్తోంది. పైన రెండు చుక్కలు. దుకాణదారు హిందీలో కథ చెప్పాడు. రోములస్, రెమస్ అనే కవలలను పుట్టగానే నదిపాలు చేశారట. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ పిల్లలకు ఒక ఆడ తోడేలు పాలిచ్చి బతికించిందట. ఆ పిల్లలే రోమ్ నగరాన్ని కట్టారట. పెట్టెలో పెట్టి నదిలో వదిలిన కర్ణుడి కథ విని పెరిగినవాణ్ణి నేను. నా ఇద్దరు పిల్లలు సముద్రం అవతల ఉన్నారు. ఆ తోడేలు తల తిప్పి చూసే చూపు నన్ను అక్కడే ఆపేసింది.

నలభై దీనార్లు చెప్పాడు. నా నెల జీతం తొంభై. బేరం కూడా ఆడకుండా ఇచ్చేశాను. ఆ నెల ఇంటికి పైసలు తక్కువ పంపి, ఓవర్‌టైం లేదని భార్యకు అబద్ధం చెప్పాను. నా తెలివితక్కువతనంలో మొదటి మెట్టు అదే.

ఆ రోజు నుంచి రాత్రిళ్ళు క్యాంపు పక్కన ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని రోమన్ నాణేల గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఆ కంచు బిళ్ళలు నన్ను లోపలికి లాక్కున్నాయి. అగస్టస్ చక్రవర్తి స్థిరపరిచిన లెక్క నోటికి వచ్చేసింది. నాలుగు రాగి ఆస్‌లు ఒక సెస్టెర్షియస్, నాలుగు సెస్టెర్షియస్‌లు ఒక వెండి దెనారియస్, ఇరవై అయిదు దెనారియస్‌లు ఒక బంగారు ఆరియస్. సెస్టెర్షియస్ మన ఇత్తడి లాంటి లోహంతో చేసిన పెద్ద బిళ్ళ, పాతిక గ్రాముల దాకా తూగేది. అరచేతిలో పెడితే సగం అరచేయి నిండేది.

బంగారం ధనికుల పెట్టెల్లో ఉంటే, కంచు, రాగి సంతలో కూరగాయలమ్మే చేతుల్లోకి వెళ్ళేవి. అందుకే చక్రవర్తులు తాము చెప్పదలచుకున్నవన్నీ వాటి మీద ముద్రించారు. పేపరు, రేడియో లేని కాలంలో నాణెమే వార్త. నీరో తాను గొప్పగా చెప్పుకున్న ఓస్టియా రేవును, అందులో ఆగిన ఓడలతో సహా, పైనుంచి చూస్తున్నట్టు ఒక బిళ్ళ మీద చెక్కించాడు. యూదుల తిరుగుబాటును అణచాక 71లో వెస్పాసియన్ వేయించిన నాణేల మీద ఒక ఖర్జూర చెట్టు, దాని కింద ఏడుస్తూ కూర్చున్న స్త్రీ కనిపిస్తారు. గెలిచినవాడి గొప్ప కోసం వేసిన బొమ్మే అయినా, చూసేవాళ్ళ మనసు ఆ ఏడ్చే తల్లి మీదనే ఆగుతుంది. నాలుగో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి గుర్రం మీది నుంచి పడిపోతున్న శత్రువును సైనికుడు ఈటెతో పొడిచే బొమ్మ ఊరూరా తిరిగింది. నేను కొన్న తోడేలు బొమ్మ 330లో కాన్‌స్టాంటైన్ తన కొత్త రాజధానిని ప్రారంభించిన రోజుల నాటిది. రాజధాని మారినా పాత రోమ్‌ను మరిచిపోలేదని జనానికి చెప్పడానికి వేయించిన బొమ్మ అది.

ఇంకొక సంగతి నాకెంతో నచ్చింది. మన పిల్లలు నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా అంటారు కదా, రోమ్ పిల్లలు తలా ఓడా అనేవాళ్ళట. వాళ్ళ పాత కంచు నాణేలకు ఒకవైపు రెండు ముఖాల జానస్ దేవుడి తల, ఇంకోవైపు ఓడ ముందుభాగం ఉండేవి.

ఇంతా చదివినవాణ్ణి, నా జేబులో ఉన్న జీతం పేరేమిటో మాత్రం చాలా రోజులు ఆలోచించలేదు. దీనార్ అన్న మాట ఆ రోమన్ దెనారియస్ నుంచే వచ్చింది. దుబాయిలో మావాళ్ళు సంపాదించే దిర్హం గ్రీకుల ద్రఖ్మ నుంచి వచ్చింది. మన శాసనాలకూ కావ్యాలకూ దీనారం పాత చుట్టమే. శ్రీనాథుడికి విజయనగరంలో కనకాభిషేకం చేసింది దీనార టంకాలతోనే అంటారు. రోమ్ మాట అరబ్బు దేశం చుట్టి, మేం పంపే పైసల రూపంలో మల్లాపూర్‌కు వస్తోందన్నమాట. ఈ సంబంధం అప్పుడే గ్రహించి ఉంటే, రోమ్ ఎక్కడో లేదని, మా గోదావరి ఒడ్డుకూ దానికీ ఎప్పుడో పరిచయం ఉందని తెలిసేది. తర్వాత చేసిన తప్పు చేసేవాణ్ణి కాదేమో.

2012 ఎండాకాలంలో రెండు నెలల సెలవు మీద వచ్చాను. కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి మీదుగా బస్సులో అమ్మమ్మ ఊరికి పోయాను. కోటిలింగాలకు దగ్గరి ఊరు అది. నాకు పాత బిళ్ళల మీద పిచ్చి పట్టిందని మా అమ్మ ముందే చెప్పిందేమో, అమ్మమ్మ దేవుని అర్రలో గూట్లోంచి ఒక చిన్న గురిగి తీసింది. అందులో పసుపుబట్టలో చుట్టిన ఒక రాగి బిళ్ళ ఉంది.

"మీ తాత చెలకల నాగలి కొడుతుంటే దొరికిందిరా గిది. లచ్చిమమ్మ అచ్చిందని దాసిపెట్టిన. నీకు గసొంటియి ఇష్టమాయె. తీస్కపో బిడ్డా."

చేతిలోకి తీసుకుని నేను అడిగిన మొదటి మాట ఇది: "బంగారం ఏమన్న దొరికిందా అమ్మమ్మా?"

"బంగారమేడిదిరా" అంది. మాట అక్కడితో ఆగిపోయింది. ఏ చెలక, ఏ దిక్కు, ఎంత లోతు, పక్కన కుండ పెంకులు ఉన్నాయా, ఇటుకలు ఉన్నాయా? ఒక్కటీ అడగలేదు. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి నా ఎదురుగా కూర్చుని చెప్పడానికి సిద్ధంగా ఉంది. నేను బంగారం గురించి అడిగి లేచి వచ్చాను.

బిళ్ళ మీద ఆకుపచ్చ పొర గట్టిగా పట్టి ఉంది. ఆ పొర మీదనే, వెలుతురుకు వాల్చి చూస్తే, ఏనుగు వీపు, పైకెత్తిన తొండం లీలగా కనిపించేవి. అంచు వెంట మూడో నాలుగో గీతలు. వాటిలో ఒకటి ఇంటి పైకప్పులా రెండు వాలు గీతలు కలిసిన గుర్తు. నాకు వెంటనే రోమ్ గుర్తొచ్చింది. క్రీస్తుపూర్వం 49లో జూలియస్ సీజర్ వేయించిన నాణెం మీద పామును తొక్కుతున్న ఏనుగు బొమ్మ ఉంది. రోమన్ నాణేల మీద 'A' అక్షరాన్ని అడ్డగీత లేకుండా ఇంటికప్పులాగానే చెక్కడమూ చూశాను. సీజర్ నాణెం వెండిది, నా చేతిలోది రాగిది. ఆ తేడా నా కళ్ళకు కనిపిస్తూనే ఉంది, కానీ ఆశ దాన్ని చూడనివ్వలేదు. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరు తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయని ఎక్కడో చదివింది గుర్తుకు తెచ్చుకుని, ఇది సీజర్ నాణెమే, దీన్ని అమ్మితే వీసా అప్పు ఒక్క దెబ్బకు తీరిపోతుందని లెక్కలు వేశాను.

ఇంటికి వచ్చి మనామాలో కొన్న తోడేలు నాణేన్ని దాని పక్కన పెట్టాను. తోడేలు మెడ మీది వెంట్రుకలు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఏనుగేమో మబ్బులో ఉన్నట్టుంది. దీన్ని కూడా అలా స్పష్టంగా చేయాలనుకున్నాను. నా బుద్ధి పూర్తిగా తప్పింది ఆ క్షణంలోనే.

మా పసుపు సంగతి చెబితే మీకు అర్థమవుతుంది. తవ్విన పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పుతాం. పైపొట్టు రాలిపోయి కొమ్ము బంగారంలా మెరుస్తుంది. మెరిస్తేనే మార్కెట్లో ధర. చిన్నప్పటి నుంచి అదే చూసినవాణ్ణి. పైది పోతే లోపలి విలువ బయటికి వస్తుందని నా చేతులు నేర్చుకున్నాయి. ముందు చింతపండు నీళ్ళలో నానబెట్టి, ఇత్తడి బిందె తోమినట్టు తోమాను. కొంచెం పచ్చదనం వదిలింది. ఉప్పు, నిమ్మకాయ పెట్టి ఇంకొంచెం తోమాను. ఆగలేక బాత్రూం కడిగే యాసిడ్ ఒక గిన్నెలో పోసి అందులో వేశాను. బుసబుస నురగ లేచింది. తీసి ఇటుకపొడితో రుద్దాను.

మధ్యాహ్నానికి బిళ్ళ కొత్త రాగి రంగులో తళతళలాడింది. దాని మీద ఏమీ లేదు. ఏనుగు లేదు, తొండం లేదు, గీతలు లేవు. నీడలో చూశాను, ఎండలో చూశాను, వేలితో తడిమాను. నున్నగా ఉంది. అది చూసి నా భార్య, "మంచిగ మెరుస్తాంది గదా" అంది. నేను నోరు తెరవలేదు. సెలవు అయిపోగానే రెండు నాణేలనూ సందుగలో పెట్టి బహ్రెయిన్ వెళ్ళిపోయాను. 2013లో అమ్మమ్మ చనిపోయింది. చివరి చూపుకు కూడా రాలేకపోయాను.

2014లో వచ్చినప్పుడు ధైర్యం చేసి జగిత్యాలలో ఉండే ఆ సారు దగ్గరికి పోయాను. ఆయనకు బ్రాహ్మీ లిపి వచ్చు. ముందు తోడేలు నాణెం చూపించాను. ఆయన బొమ్మను చూడనే లేదు, అంచును చూశాడు. భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నాడు. అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ముఖం మీద గాలి బుడగలు వదిలిన చిన్న గుంటలు ఉన్నాయి.

"రోమన్ల నాణేలు రెండు అచ్చుల నడుమ పెట్టి సమ్మెటతో కొట్టినవి తమ్మీ. ఇది మూసలో పోసింది. ఈ రకం అసలువి లోకంలో వేలకొద్దీ దొరుకుతాయి, పెద్ద ఖరీదు కూడా ఉండదు" అన్నాడు.

తర్వాత రెండోది చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఎక్కడ దొరికింది?" అన్నాడు. చెప్పాను. "ఏ చెలక?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ గీతల్లో నాకు గుర్తున్న ఇంటికప్పు గుర్తును కాగితం మీద గీసి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఇది బ్రాహ్మీలో గ" అన్నాడు.

ఆ రోజు ఆయన చెప్పినవి ఒక్కటీ మరిచిపోలేదు. రాగి మట్టిలో ఉన్నకొద్దీ పైభాగం మారిపోయి ఆకుపచ్చ పొర అవుతుంది. మనం మురికి అనుకునేది నిజానికి ఒకప్పటి నాణెం ముఖమే. బొమ్మలు, అక్షరాలు చాలాసార్లు ఆ పొరలోనే నిలిచి ఉంటాయి. యాసిడ్ ముందు కరిగించేది ఆ పొరనే. అది పోయాక మిగిలేది లోహం, నాణెం కాదు. పొడిపొడిగా రాలే లేత ఆకుపచ్చ బూజు కనిపిస్తే అది లోహానికి పట్టిన రోగం, దాన్ని కూడా తెలిసినవాళ్ళే ముట్టుకోవాలి. నకిలీ నాణెం అంత స్పష్టంగా ఉండటానికి కారణం అది నిన్న పోసింది కావడమే. నిన్నటి దానిలా కనిపించాలని నేను రెండు వేల ఏళ్ళ దాన్ని తోమాను. అబద్ధాన్ని ఎదురుగా పెట్టుకుని, దాని కొలతతో నిజాన్ని అరగదీశాను.

ఆ తర్వాతే కోటిలింగాల గురించి కుదురుగా చదివాను. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్న ఆ మట్టికోటలో గోభద, నారన, కంవాయసిరి, సమగోప అనే రాజుల పేర్లున్న నాణేలు దొరికాయి. శాతవాహనుల కంటే ముందు ఈ నేలను ఏలిన వాళ్ళు వీళ్ళు. పురాణాల్లో శిముకుడిగా కనిపించే రాజు పేరు అక్కడి నాణేల మీద చిముక అని చదివారు. తొలి శాతవాహనులకూ మన తెలంగాణకూ ఉన్న బంధానికి ఆ చిన్న బిళ్ళలే సాక్ష్యాలు. గోభద అన్నా, సమగోప అన్నా రెండు పేర్లలోనూ గ అనే అక్షరం ఉంది. నేను కడిగేసింది వాళ్ళలో ఎవరి పేరో, అసలు వాళ్ళు కాని ఇంకొక రాజు పేరో, ఇక ఎవరూ చెప్పలేరు.

ఆ నాణేలు లోకానికి తెలియడం వెనుక సంగనభట్ల నరహరిశర్మ గారు ఉన్నారు. పోస్టుమాస్టరుగా పనిచేసిన మనిషి. పొలాల్లో, వాగు ఒడ్డున జనానికి దొరికిన బిళ్ళలను ఓపికగా సేకరించి, శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారికి అందేలా చేశారు. శాస్త్రి గారు వాటిని చదివి ప్రకటించాక, పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు చేసింది. నరహరిశర్మ గారికీ నాకూ దొరికింది ఒకే గోదావరి ఒడ్డు రాగి. ఆయన చేతిలో అది చరిత్ర అయింది. నా చేతిలో రేకు అయింది. ఆయనకు నాకంటే ఎక్కువ జీతం ఉండి కాదు, యంత్రాలు ఉండి కాదు. దొరికినదాన్ని దొరికినట్టు ఉంచాలని, తనకు తెలియనిది తెలిసినవాళ్ళ చేతిలో పెట్టాలని ఆయనకు తెలుసు. అంతే తేడా.

రోమ్ కోసం నేను వెతకడం తప్పు కాదు. రోమ్ నిజంగానే మన దాకా వచ్చింది. భారతదేశం ఏటా అయిదు కోట్ల సెస్టెర్షియస్‌లు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ తన పుస్తకంలో బాధపడ్డాడు. లెక్క కట్టింది ఆ ఇత్తడి బిళ్ళల్లో, చెల్లించింది వెండి బంగారాల్లో. అందుకే నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టిబేరియస్‌ల వెండి నాణేలు పదిహేను వందలకు పైగా ఒకేచోట బయటపడ్డాయి. 1932లో నంద్యాలలో బంగారు రోమన్ నాణేలు దొరికాయి. సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో రోమన్ నాణేలను చూసి మట్టితో చేసుకున్న బిళ్ళలు దొరికాయి. రోమన్ల చిన్న కంచు నాణేలు మాత్రం ఎక్కువగా తమిళనాడు, శ్రీలంకల్లో దొరుకుతాయి. నేను కొంచెం ఓపికగా చదివి ఉంటే, గోదావరి ఒడ్డు చెలకలో దొరికిన రాగి ఏనుగు మన ఏనుగే అయి ఉంటుందని తట్టేది.

మన నాణేల మీద బొమ్మలు తక్కువా? తొండమెత్తిన ఏనుగు, మూడు వంపుల కొండ, కంచెలో చెట్టు, ఉజ్జయిని గుర్తు. తూర్పు తీరంలో శాతవాహనులు వేసిన సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. రోమ్ పిల్లలు ఎగరేసిన ఓడ లాంటి ఓడ మన నాణెం మీదా ఉంది. గౌతమీపుత్ర శాతకర్ణి, పులుమావి, యజ్ఞశ్రీల వెండి నాణేల మీద రాజు ముఖం ఉంది. దాని చుట్టూ ప్రాకృతంలో పేరు, వెనుకవైపు దక్షిణాది ప్రజల భాషలో పేరు. తమ జనం మాటను నాణెం మీద పెట్టిన రాజులు వాళ్ళు. సీజర్ ఏనుగును గుర్తుపట్టిన నేను, నా అమ్మమ్మ చెలకలోని ఏనుగును పరాయి ఏనుగు అనుకున్నాను. యాసిడ్ కంటే పెద్ద తప్పు అదే. గొప్పది ఎప్పుడూ దూరం నుంచే వస్తుందని నమ్మడం. గల్ఫ్ బతుకు నాకు ఆ నమ్మకాన్ని అలవాటు చేసిందేమో. కానీ ఆ నమ్మకానికి బాధ్యత నాదే.

ఆ చెలకను వెతుక్కుంటూ 2016లో మళ్ళీ వెళ్ళాను. తాత ఎప్పుడో పోయాడు. మామ భూమి వదులుకున్నాడు. ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్ళు కోటిలింగాల దాకా వచ్చి, ఒకప్పటి చెలకలను కప్పేశాయి. ఒడ్డున నిలబడి చాలాసేపు నీళ్ళను చూశాను. అమ్మమ్మను ఆ రోజు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఈ నీళ్ళ కింద ఎక్కడో ఒక చోటు మీద వేలు పెట్టి చూపగలిగేవాణ్ణి.

నున్నటి ఆ రాగి బిళ్ళను సారు సలహా మీద మ్యూజియంలో అప్పగించాను. బొమ్మ చెరిగిపోయింది, అక్షరాలు లేవు, దొరికిన చోటు తెలియదు, అని రాసుకున్నారు. ఆ మూడు మాటలకూ కారణం నేనే. నకిలీ తోడేలు మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు దాన్ని తీసి అంచు మీది గీత చూపిస్తాను.

ఇది చదువుతున్న మీకు నా విన్నపం ఒక్కటే. మీ పొలంలో, పాత ఇంటి పునాదిలో, వాగు ఒడ్డున పాత నాణెం దొరికితే దాన్ని కడగకండి. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, బట్టతో రుద్దడం కూడా వద్దు. మట్టితో సహా ఒక కాగితంలో చుట్టండి. దొరికిన చోటు, తేదీ, లోతు, చుట్టూ ఏమున్నాయో అదే కాగితం మీద రాయండి. ఫోన్‌తో ఆ చోటు ఫొటో తీయండి. తహసీల్దారుకో, పురావస్తు శాఖకో తెలియజేయండి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. భయపడి దాచుకోకండి, ఆశపడి అమ్ముకోకండి.

మీ ఇంట్లో గురిగిలోనో సందుగలోనో అలాంటి బిళ్ళ ఇప్పటికే ఉంటే, దాన్ని దాచిన ముసలివాళ్ళు బతికి ఉంటే, ఎక్కడ దొరికిందని ఈ రోజే అడగండి. రేపటికి వాయిదా వేయకండి.